బర్రె అనగలిగితే స్పానిష్‌ వచ్చినట్టే సగం: ఆన్‌లైన్‌ కోర్సును తెలుగు మీదుగా నేర్చుకునే పద్ధతి

గట్టిగా ఒకసారి 'బర్రె' అనండి. ర్ర దగ్గర నాలుక కొస పై పళ్ల వెనక టకటకా కొట్టుకుంది కదా. ఇంగ్లిష్‌ మాట్లాడేవాళ్లు చాలామంది నెలల తరబడి సాధన చేసే స్పానిష్‌ శబ్దం అదే. మనకు ఉగ్గుపాలతోనే వచ్చింది. స్పానిష్‌లో 'పెర్రో' అంటే కుక్క, 'పెరో' అంటే కానీ. తేడా అంతా ఆ ర్రలోనే ఉంది.

ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఆన్‌లైన్‌లో మనకు దొరికే స్పానిష్‌ కోర్సులు ఎక్కువగా ఇంగ్లిష్‌ మాట్లాడేవాళ్ల కోసం తయారైనవి. ఏది తేలిక, ఏది కష్టం అన్నది వాళ్ల లెక్కలోనే చెప్తాయి. హనుమకొండలో కూర్చుని అదే కోర్సు చేస్తే ఆ లెక్క మనకు కుదరదు. వాళ్లు తడబడే చాలా చోట్ల మనకు తెలుగు ఆసరాగా నిలుస్తుంది. నేనిది ఆలస్యంగా తెలుసుకున్నాను. అప్పటిదాకా ప్రతి వాక్యాన్నీ తెలుగులో అనుకుని, ఇంగ్లిష్‌లోకి మార్చి, అక్కడి నుంచి స్పానిష్‌లోకి తెచ్చుకుని అలసిపోయేదాన్ని. మీకు ఆ చుట్టు తిరుగుడు వద్దు.

మొదటి అడుగు: ఎవరితో మాట్లాడాలి, రోజుకు ఎంత టైమ్‌ పెట్టగలరు

స్పానిష్‌ మాతృభాషగా ఉన్నవాళ్లు దాదాపు 50 కోట్ల మంది. 20 దేశాల్లో అధికార భాష, ఐక్యరాజ్యసమితి ఆరు భాషల్లో ఒకటి. ఇంత పెద్ద భాష కాబట్టి అన్ని చోట్లా ఒకేలా ఉండదు. స్పెయిన్‌కి చదువుకోవడానికి వెళ్లే అమ్మాయి అక్కడి ఉచ్చారణ వినాలి. హైదరాబాద్‌ ఆఫీసులో మెక్సికో క్లయింట్లతో పని ఉన్నవాళ్లు లాటిన్‌ అమెరికా స్పానిష్‌ తీసుకోవాలి. ఊరికే ఇష్టంతో నేర్చుకునేవాళ్లు ఏదో ఒకటి ఎంచుకుని మొదటి ఆరు నెలలు దాన్నే అంటిపెట్టుకోండి. ఒకటి పట్టుబడితే రెండోది అర్థమవుతుంది.

ఇక టైమ్‌. యూరప్‌ భాషలకు ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1, సీ2 అని ఆరు స్థాయులున్నాయి. ఏ1 అంటే పేరు, ఊరు, తిండి, బేరం. బీ1 అంటే తెలిసిన విషయాల మీద తడుముకుంటూ అయినా మాట్లాడగలగడం. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు ఉద్యోగానికి సరిపడా స్పానిష్‌ నేర్పడానికి దాదాపు 30 వారాల పూర్తికాల శిక్షణ పెడుతుంది. మనం ఇల్లూ ఉద్యోగమూ చూసుకుంటూ రోజుకు 45 నిమిషాలు చదివితే ఏడాదికి 270 గంటల పైచిలుకు అవుతుంది. క్రమం తప్పకపోతే అది ఏ2 దాటించి బీ1 వైపు నడిపిస్తుంది. మూడు నెలల్లో గడగడా మాట్లాడిస్తామనే ప్రకటన కనిపించినప్పుడు ఈ లెక్క గుర్తుచేసుకోండి.

రెండో అడుగు: కోర్సు ఎంచుకోవడం

నేను మొదట డబ్బు కట్టిన కోర్సులో వందల వీడియోలున్నాయి. లైవ్‌ క్లాసులుంటాయని చెప్పారు. చేరాక తెలిసింది, నెలకు ఒక్కసారి, అందులో నలభై మందికి పైనే, అందరి మైకులూ మ్యూట్‌లో. ఐదు నెలలు చదివాను. పరీక్ష పెడితే ఖాళీలు నింపగలిగాను కానీ నా నోట్లోంచి వచ్చిన ఒక్క స్పానిష్‌ మాట కూడా ఎవరూ వినలేదు. అప్పుడు చాలా బాధపడ్డాను. ఆ ఐదు నెలలు మళ్లీ రావు.

అందుకే డబ్బు కట్టే ముందు ఈ ప్రశ్నలు అడగండి. వారానికి నేను ఎన్ని నిమిషాలు మాట్లాడతాను? నా తప్పులు ఎవరు దిద్దుతారు? ఒక బ్యాచ్‌లో ఎంతమంది? కోర్సు పూర్తయ్యేసరికి ఆరు స్థాయుల్లో ఏ స్థాయికి చేరతాను? ఒక క్లాసు చూసి చేరవచ్చా, నచ్చకపోతే డబ్బు వెనక్కిస్తారా? మొదటి రెండింటికీ సూటిగా జవాబు రాకపోతే ఆ కోర్సు వదిలేయండి.

స్పెయిన్‌ ప్రభుత్వ సంస్థ ఇన్‌స్టిట్యూటో సెర్వాంటెస్‌ 1991లో ఏర్పడింది. ఢిల్లీలో దాని శాఖ ఉంది, ఆన్‌లైన్‌ కోర్సులూ ఉన్నాయి. సర్టిఫికెట్‌ విలువ ముఖ్యమనుకుంటే ముందు అక్కడే వివరాలు కనుక్కోండి. మన దగ్గర్లో హైదరాబాద్‌ ఇఫ్లూలో (ఇంగ్లిష్‌, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) స్పానిష్‌ నేర్పుతారు. డబ్బు పెట్టకుండా మొదలుపెట్టాలంటే లాంగ్వేజ్‌ ట్రాన్స్‌ఫర్‌ అనే ఉచిత ఆడియో కోర్సు ఉంది, 90 పాఠాలు. వింటూ, ఆపి, జవాబు పైకి చెప్తూ సాగాలి. కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కి రెండు గంటల రైలు ప్రయాణంలో నేను ఎక్కువగా విన్నది దాన్నే. నా అభిప్రాయంలో వీడియోల కోసం పెద్ద డబ్బు కట్టక్కర్లేదు. ఆ డబ్బు మన మాట వినే మనిషికి ఇవ్వడం మేలు.

మూడో అడుగు: మొదటి రెండు వారాలు నోటికే

వ్యాకరణం జోలికి వెళ్లకుండా శబ్దాలు కుదుర్చుకోండి. స్పానిష్‌ అచ్చులు ఐదే: ఆ, ఎ, ఇ, ఒ, ఉ. దాదాపు ఎక్కడ కనిపించినా అదే శబ్దం. ఇంగ్లిష్‌లో లాగా ఒకే అక్షరం నాలుగు రకాలుగా పలకదు. చాలా మాటలు అచ్చుతోనే ముగుస్తాయి, మన తెలుగులో లాగే.

మనకు దెబ్బ తగిలేది ఒక్క చోట. ఇంగ్లిష్‌ అక్షరాలు చూడగానే చిన్నప్పటి బడి అలవాటు కొద్దీ ట, డ పలికేస్తాం. స్పానిష్‌లో ఆ అక్షరాలు త, ద. టమాటకు అక్కడి మాట 'తొమాతె'. నువ్వు అనడానికి 'తూ', ఉర్దూలో విన్న 'తూ' లాగే. ఈ ఒక్కటి సరిచేసుకుంటే మీ మాట సగం స్పానిష్‌గా వినిపిస్తుంది. నేను పుస్తకంలో మొదటి రెండు వారాలు ప్రతి మాట పక్కనా తెలుగు లిపిలో ఉచ్చారణ రాసుకున్నాను. త కీ ట కీ తేడా చూపించడానికి ఇంగ్లిష్‌ లిపి పనికిరాదు, మన లిపి పనికొస్తుంది. రెండు వారాలయ్యాక మాత్రం మానేయండి, లేకపోతే కన్ను స్పానిష్‌ అక్షరాలకు అలవాటు పడదు.

మిగతావి త్వరగానే వస్తాయి. హెచ్‌ పలకదు, అందుకే నమస్కారం చెప్పే మాట 'ఓలా'. జె అక్షరం గొంతులోంచి వస్తుంది. వరంగల్‌లో ఉర్దూ వింటూ పెరిగినవాళ్లకు 'ఖబర్‌'లోని ఖ తెలుసు, దాదాపు అదే. వి, బి రెండూ బ. ఎన్‌ మీద అల గుర్తు ఉంటే 'ధాన్యం'లోని న్య. ఆ గుర్తు మర్చిపోవద్దు. వయసు చెప్పేటప్పుడు అది లేకుండా రాస్తే సంవత్సరం అనే మాట అసభ్యంగా మారిపోతుంది. ఫోన్‌ కీబోర్డులో స్పానిష్‌ జతచేసుకుంటే ఆ అక్షరం నేరుగా దొరుకుతుంది.

ఊనిక మాత్రం శ్రద్ధగా వినాలి. 'పాపా' అని మొదటి అక్షరం మీద ఒత్తితే లాటిన్‌ అమెరికాలో ఆలుగడ్డ. 'పపా' అని రెండోదాని మీద ఒత్తితే నాన్న. మాట అచ్చుతోనో, ఎన్‌ లేదా ఎస్‌తోనో ముగిస్తే ఊనిక చివరి నుంచి రెండో అక్షరం మీద, లేకపోతే చివరి అక్షరం మీద, గీత పెట్టి ఉంటే గీత ఉన్నచోట. నియమం ఇంతే. రోజూ ఐదు వాక్యాలు రికార్డు చేసి వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. పదిరోజుల తర్వాత మొదటి రికార్డు వింటే తేడా మీకే తెలుస్తుంది.

నాలుగో అడుగు: వ్యాకరణాన్ని తెలుగు మీదుగా చూడటం

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి, ఎక్కువ లాభం ఉన్నది ఇక్కడే.

నాకు మామిడిపండు నచ్చుతుంది అనాలి. స్పానిష్‌లో 'మె గుస్తా ఎల్‌ మాంగో'. మె అంటే నాకు, గుస్తా అంటే నచ్చుతుంది. పళ్లు అయితే 'మె గుస్తాన్‌ లోస్‌ మాంగోస్‌', మనకు నచ్చుతాయి అయినట్టు. కోర్సులో ఈ పాఠం దగ్గర టీచర్‌ చాలాసేపు హెచ్చరికలు చేస్తారు, ఎందుకంటే ఇంగ్లిష్‌లో 'నేను' కర్త అవుతుంది, ఇక్కడ పండు కర్త. నేను కూడా ఇంగ్లిష్‌లో అనుకుని 'యో గుస్తో' అంటూ నెల రోజులు తప్పు పలికాను. ఒకరోజు 'నాకు' అని తెలుగులో అనుకుని చూస్తే వాక్యం దానంతటదే వచ్చింది. తర్వాత ఆ వరసలోవన్నీ తెలుగు పక్కన పెట్టుకున్నాను. నాకు తలకాయ నొస్తుంది: 'మె దుయేలె లా కబేసా'. నాకు అనిపిస్తుంది: 'మె పరేసె'. నాకు డబ్బు తక్కువైంది: 'మె ఫాల్తా దినేరో'. అన్నింటికీ ముందు మన 'నాకు'.

క్రియ చివర్లు కూడా అంతే. మాట్లాడతాను, మాట్లాడతావు, మాట్లాడతాడు అన్నప్పుడు నేను, నువ్వు, అతను అని వేరే చెప్పక్కర్లేదు. అక్కడా 'ఆబ్లో, ఆబ్లాస్‌, ఆబ్లా'. ప్రతి వాక్యం ముందూ 'యో' తగిలించే అలవాటు ఇంగ్లిష్‌ది, వదిలేయండి.

ఇంకొకటి చూడండి. చిన్నప్పుడు మేడారం వెళ్లేదాన్ని. పోయిన జాతరకు వెళ్లాను. ఈ రెండు 'వెళ్లడాల' తేడా మనకు ఎవరూ నేర్పలేదు. స్పానిష్‌లో మొదటిది 'ఈబా', రెండోది 'ఫుయీ'. ఇంగ్లిష్‌ మీదుగా నేర్చుకునేవాళ్లకు రెండు భూతకాలాలు పెద్ద తలనొప్పి. మీరు మాత్రం తెలుగు వాక్యం చెప్పుకుని, 'వెళ్లేదాన్ని, వెళ్లేవాణ్ని' వస్తే ఒక పెట్టెలో, 'వెళ్లాను' వస్తే ఇంకో పెట్టెలో వేయండి. ఎక్కువ వాక్యాలు సరిగ్గా పడతాయి.

ఉండటానికి అక్కడ రెండు క్రియలున్నాయి, సెర్‌, ఎస్తార్‌. నేను టీచర్ని అన్నప్పుడు తెలుగులో క్రియే లేదు. అలాంటి చోట సెర్‌, 'సొయ్‌ ప్రొఫెసోరా'. నేను ఇంట్లో ఉన్నాను అన్నప్పుడు ఎస్తార్‌, 'ఎస్తొయ్‌ ఎన్‌ కాసా'. వాడు పొడుగ్గా ఉంటాడు అంటే సెర్‌, వాడు ఇవాళ నీరసంగా ఉన్నాడు అంటే ఎస్తార్‌. ఉంటాడు, ఉన్నాడు తేడా గమనించారా? అన్ని సందర్భాలకూ ఇది సరిపోదు కానీ మొదటి ఆరు నెలలకు మంచి ఊతకర్ర. నీళ్లున్నాయి, పని ఉంది లాంటి వాటికి మాత్రం 'అయ్‌' అని మూడో మాట ఉంది.

నువ్వు, మీరు మర్యాద మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. తూ, ఉస్తెద్‌. ఉస్తెద్‌కి క్రియ అతను, ఆమెకు వాడేదే వస్తుంది, అది గుర్తుంచుకోండి. కొలంబియాలో దగ్గరివాళ్లను కూడా ఉస్తెద్‌ అనడం మామూలే, అర్జెంటీనాలో తూ బదులు 'వోస్‌' అంటారు.

తెలుగు అడ్డం వచ్చే చోట్లూ ఉన్నాయి. మనకు క్రియ చివర్న, వాళ్లకు మధ్యలో. నిన్న వచ్చిన మనిషి అనాలంటే ముందు మనిషిని నిలబెట్టాలి: 'ఎల్‌ ఓంబ్రె కె వీనో అయెర్‌', మనిషి, ఎవరైతే నిన్న వచ్చాడో. ఇది అలవాటు కావడానికి రాతే మందు. రోజూ మూడు వాక్యాలు రాసి దిద్దించుకోండి.

ఐదో అడుగు: లింగం

ఇక్కడ నాకు తెలుగు సాయపడలేదు. మనకు లింగం మనుషులకే ఎక్కువ. వాళ్లకు బల్ల స్త్రీ, పుస్తకం పురుషుడు. హిందీ తెలిసినవాళ్లకు వస్తువులకు లింగం ఉండటం కొత్త కాదు, కానీ హిందీ లింగాన్ని తెచ్చి ఇక్కడ పెట్టకండి. చాయ్‌ హిందీలో స్త్రీలింగం, స్పానిష్‌లో 'ఎల్‌ తె', పుంలింగం. మాట ఆ తో ముగిస్తే స్త్రీ, ఒ తో ముగిస్తే పురుషుడు అనే నియమం చాలావరకు నిలుస్తుంది. 'లా మానో' (చెయ్యి), 'ఎల్‌ దీయా' (రోజు), 'ఎల్‌ ప్రొబ్లేమా' లాంటివి విడిగా గుర్తుపెట్టుకోవాలి. ఏ నామవాచకాన్నీ ఎల్‌, లా లేకుండా ఒంటరిగా రాసుకోవద్దు.

మనకు మనం వాడుకునే విశేషణాలు కూడా మారతాయి. ఆడియోలో మగ గొంతు విని 'ఎస్తొయ్‌ కన్సాదో', అలసిపోయాను, అని నెలల పాటు అన్నాను. ఆడవాళ్లు 'కన్సాదా' అనాలి. మా టీచర్‌ చెప్పేదాకా నాకు తెలియలేదు. కోర్సులో వినే ప్రతి 'నేను' వాక్యాన్నీ మీకు సరిపోయేలా మార్చి చెప్పుకోండి.

ఆరో అడుగు: మాటలు పోగేయడం

అంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్‌ ఆండ్రాయిడ్‌లో ఉచితం. మరిచిపోయే సమయానికి మాటను మళ్లీ చూపిస్తుంది. రోజుకు పది కొత్త కార్డులు చాలు. కార్డు మీద ఒంటరి మాట కాకుండా చిన్న వాక్యం పెట్టండి, వెనకవైపు అర్థం తెలుగులోనే రాయండి.

ఇంట్లోనే కొన్ని చుట్టాలు దొరుకుతాయి. పోర్చుగీసు వాళ్లు మన దేశానికి తెచ్చిన మాటలు కొన్ని తెలుగులో స్థిరపడ్డాయి, పోర్చుగీసు స్పానిష్‌కి తోబుట్టువు. అల్మారా 'ఆర్మారియో', తువ్వాల 'తొఆయా', మేస్త్రి 'మాయెస్త్రో'. నారింజ అయితే ఇటునుంచి అటు వెళ్లింది: మన దేశపు మాట పారసీకం, అరబ్బీ మీదుగా స్పెయిన్‌ చేరి 'నరాన్హా' అయింది. అరబ్బీ నుంచి వచ్చిన 'ఆల్గొదోన్‌' అంటే పత్తి. 'ఓహలా' అనే మాట విన్నారంటే అందులో మనం వినే 'ఇన్‌షాల్లా' పోలిక ఉంది, అదీ అరబ్బీదే, అలా జరిగితే బాగుండు అని అర్థం. దాని వెనక వచ్చే క్రియ రూపం వేరు. ఆ పాఠం బీ1 దాకా రాదు, అప్పటిదాకా కంగారు వద్దు.

ఎనుమాముల మార్కెట్లో ఎర్రగా ఆరబోసిన మిర్చి చూశారు కదా, ఆ పంట పుట్టిల్లు అమెరికా ఖండాలు. మెక్సికోలో దాన్ని 'చీలె' అంటారు, అక్కడి నావాట్ల్‌ భాష మాట. పెరూలో 'అహీ'. స్పెయిన్‌లో కారం మిరపకాయను 'గిందీయా' అంటారు. ఒక్క మిర్చికి మూడు కార్డులు. మొదటి అడుగులో ఒక దేశాన్ని ఎంచుకోమన్నది ఇందుకే.

రోజువారీ 45 నిమిషాలు

పొద్దున పది నిమిషాలు కార్డులు. కోర్సు పాఠం ఇరవై నిమిషాలు, నోట్సు రాయడం కంటే పైకి పలకడం ఎక్కువగా. చివరి పదిహేను నిమిషాలు వినడం. డ్రీమింగ్‌ స్పానిష్‌ వీడియోల్లో బొమ్మలు గీస్తూ, సైగలు చేస్తూ స్పానిష్‌లోనే మాట్లాడతారు. సూపర్‌ బిగినర్‌ స్థాయి నుంచి మొదలుపెట్టండి. సబ్‌టైటిళ్లు తీసేయండి. అన్నీ అర్థం కావాలని టెన్షన్‌ పడొద్దు, కథ అర్థమైతే చాలు. ఒకరోజు తప్పిపోతే మర్నాడు రెండింతలు చదవాలని కూర్చోకండి, మామూలు 45 నిమిషాలే చదవండి.

పరీక్షలు

స్పానిష్‌ ఎంత వచ్చో తేల్చే పరీక్షలు రెండున్నాయి, డేలే, సియేలే. డేలే సర్టిఫికెట్‌కి గడువు లేదు, ఎంచుకున్న ఒక్క స్థాయికే రాయాలి. సియేలే కంప్యూటర్‌ మీద రాసేది, ఫలితం ఐదేళ్లు చెల్లుతుంది, వచ్చిన మార్కులను బట్టి స్థాయి చెప్తుంది. కాలేజీయో ఉద్యోగమో అడిగితే రాయండి. ఎవరూ అడగనప్పుడు ఆ ఫీజుతో చాలా గంటలు టీచర్‌తో మాట్లాడవచ్చు.

ఏడో అడుగు: మూడో నెల నుంచి మనిషితో మాట్లాడటం

ఐటాకీ లాంటి వెబ్‌సైట్లలో గంటకు ఇంత అని తీసుకుని ఒక్కరితోనే మాట్లాడే టీచర్లుంటారు. టైమ్‌ చూసుకోండి. స్పెయిన్‌ మనకంటే చలికాలంలో నాలుగున్నర గంటలు, ఎండాకాలంలో మూడున్నర గంటలు వెనక, సాయంత్రాలు కుదురుతుంది. కొలంబియా పదిన్నర గంటలు వెనక. మనకు పొద్దున ఆరున్నర అంటే అక్కడ ముందురోజు రాత్రి ఎనిమిది. ఆఫీసుకు వెళ్లే నాకు అదే కుదిరింది.

మొదటి క్లాసుకు మూడు వాక్యాలు కాగితం మీద రాసి ఎదురుగా అతికించుకోండి. 'మాస్‌ దెస్పాసియో, పోర్‌ ఫబోర్‌', కొంచెం నెమ్మదిగా చెప్పండి. 'నో ఎన్‌తియెందో', అర్థం కాలేదు. 'కోమో సె దీసె', దీన్ని ఎలా అంటారు. ఇంగ్లిష్‌లోకి జారిపోకుండా కాపాడేవి ఇవే. టీచర్‌కి కూడా ముందే చెప్పండి: ఇంగ్లిష్‌ వద్దు, తప్పులు మధ్యలో ఆపకుండా చివర్లో రాసి పంపండి అని.

ఏం మాట్లాడాలో తోచదు అనుకుంటే మీ ఊరి గురించి సిద్ధం చేసుకోండి. నేను రామప్ప ఎంచుకున్నాను. 1213 నాటి గుడి, కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఈ నాలుగు ముక్కలూ వారం రోజులు చెప్పుకుని క్లాసుకు కూర్చున్నాను. బయట ఇంకా చీకటిగానే ఉంది, వంటింట్లో అమ్మ చాయ్‌ పెడుతోంది. తేదీలూ పేర్లూ చెప్పేశాను. టీచర్‌ ఊరుకోకుండా, గోపురం ఇటుకల్లో అంత ప్రత్యేకత ఏముందని అడిగింది. అది నా కాగితంలో లేదు. కొద్దిసేపు ఆగాను. ఇటుకలు, నీళ్లు, తేలుతాయి అని తెలుగులోనే అనుకున్నాను, ఇంగ్లిష్‌ మధ్యలోకి రాలేదు.

'లోస్‌ లద్రీయోస్‌ ఫ్లోతాన్‌ ఎన్‌ ఎల్‌ ఆగ్వా' అన్నాను. ఆమె ముందుకు వంగి, 'ఫ్లోతాన్‌?' అని మళ్లీ అడిగింది. 'సీ, ఫ్లోతాన్‌' అన్నాను. మిగిలిన ఇరవై నిమిషాలూ ఆ ఇటుకల గురించే మాట్లాడుకున్నాం.